హైడ్రోజన్ అణువులో ఎలక్ట్రాన్ సాంద్రతను చేత్తో లెక్కించే పద్ధతి

క్వాంటం రసాయన శాస్త్రపు సాఫ్ట్‌వేర్ తెరమీద గీసి చూపే మేఘాలను చూసి, తరంగ ప్రమేయమూ (ఎలక్ట్రాన్ల స్థితిని వర్ణించే గణిత ప్రమేయం), ఎలక్ట్రాన్ సాంద్రతా (ఒక్కో చోట ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉంటాయో చెప్పే సంఖ్య) ఒకటేనని పొరబడడం చాలా సులభం. కాగితం, కాలిక్యులేటర్ ముందు పెట్టుకుని హైడ్రోజన్ అణువుకు ఒక్కసారి ఈ లెక్క చేసినవారికి ఆ పొరపాటు మళ్ళీ రాదని నా నమ్మకం.

ముందుగా దూరాలన్నిటినీ బోర్లలోకి మార్చుకోవాలి (పరమాణు స్థాయి దూరాలకు వాడే ఈ కొలమానం సుమారు 0.529 ఆంగ్‌స్ట్రామ్‌లు). రెండు కేంద్రకాల మధ్య దూరం 0.74 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే 1.4 బోర్లు. హైడ్రోజన్ 1ఎస్ ఆర్బిటాల్ (పరమాణువులోని ఒక్క ఎలక్ట్రాన్‌ను వర్ణించే తరంగ ప్రమేయం) విలువ కేంద్రకం దగ్గర 0.564 ఉండి, దూరంతోపాటు ఘాతీయంగా తగ్గుతూ 0.7 బోర్ల వద్ద 0.280కి, 1.4 బోర్ల వద్ద 0.139కి చేరుతుంది.

తరువాత ఒక్కో కేంద్రకం చుట్టూ ఉన్న రెండు ఆర్బిటాళ్ల అతిపాతాన్ని, అంటే అవి ఒకదానిపై ఒకటి ఎంత పరచుకున్నాయో, కనుక్కోవాలి. ఒకటి, కేంద్రకాల మధ్య దూరం, ఆ దూరపు వర్గంలో మూడో వంతు కూడితే 3.053 వస్తుంది, దాన్ని సహజ సంవర్గమాన ఆధారానికి రుణ 1.4 ఘాతమైన 0.2466తో గుణిస్తే అతిపాతం 0.753.

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. రెండు ఆర్బిటాళ్లను ముందు కూడి, ఆ మొత్తాన్ని వర్గం చేసి, ఒకటికి అతిపాతాన్ని కలిపిన సంఖ్యతో, అంటే 1.753తో భాగించాలి, ఒకే ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లు ఉన్న సంగతి ఈ భాజకంలోనే ఇమిడి ఉంది. బంధం సరిగ్గా మధ్యలో ఆర్బిటాళ్ల మొత్తం 0.560, దాని వర్గం 0.314, భాగిస్తే సాంద్రత ఘన బోర్‌కు 0.179 ఎలక్ట్రాన్లు. ముందే వర్గాలు చేసి కూడి ఉంటే 0.157 మాత్రమే వచ్చేది. అది బంధంలేని రెండు విడి పరమాణువుల లెక్క. ఈ రెండింటి తేడాకు మూలం, వర్గం చేసినప్పుడు పుట్టే రెండు ఆర్బిటాళ్ల లబ్ధ పదం.

ఇదే లెక్కను ఒక కేంద్రకం మీద చేస్తే 0.282 వస్తుంది, విడి పరమాణువుల మొత్తమేమో 0.338. మొత్తం ఎలక్ట్రాన్లు రెండే కనుక మధ్యలో పెరిగినది మరెక్కడో తగ్గక తప్పదు. అయితే నిజమైన అణువులో కేంద్రకాల దగ్గర కూడా సాంద్రత పెరుగుతుంది, ఎందుకంటే బంధం ఏర్పడినప్పుడు ఆర్బిటాళ్లు కొంత కుంచించుకుపోతాయి. దీన్ని లెక్కలోకి తేవడానికి ఘాతంలోని దూరాన్ని 1.19తో గుణించి, ముందున్న 0.564 స్థానంలో 0.732 వేసి, అతిపాతాన్ని 0.679గా తీసుకుని మళ్ళీ చేయండి: కేంద్రకం మీద 0.45, మధ్యలో 0.24 వస్తాయి. బంధమంటే మధ్యలో ఎలక్ట్రాన్లు పోగుపడడమేనన్న వివరణ ఎంత అసంపూర్ణమో ఈ రెండో లెక్కలోనే తెలుస్తుంది కాబట్టి, దీన్ని దాటవేయవద్దని నా మనవి.

ఆర్బిటాళ్లను కూడడానికి బదులు ఒకదాన్నుంచి మరొకటి తీసివేస్తే బంధాన్ని బలహీనపరిచే యాంటీబాండింగ్ ఆర్బిటాల్ వస్తుంది. మధ్య బిందువు వద్ద దాని విలువ సున్నా, ఇరువైపులా గుర్తులు వ్యతిరేకం. వర్గం చేయగానే ఆ గుర్తు చెరిగిపోతుంది. అందుచేత రెండు రంగుల్లో కనిపించే బొమ్మ ఆర్బిటాల్‌దే కాని సాంద్రతది కాదు. తరంగ ప్రమేయపు వర్గానికి సంభావ్యత అనే అర్థాన్ని 1926లో మాక్స్ బోర్న్ చెప్పాడు. పది ఎలక్ట్రాన్లున్న నీటి అణువు తరంగ ప్రమేయానికి స్పిన్ అనే ఎలక్ట్రాన్ సహజ గుణాన్ని పక్కన పెట్టినా, ఒక్కో ఎలక్ట్రాన్ స్థానానికి మూడేసి చొప్పున 30 నిరూపకాలు కావాలి. దాని సాంద్రతకు మూడు చాలు.

సాఫ్ట్‌వేర్‌తో సాంద్రతను గళ్ళుగా రాయించినప్పుడు, ప్రతి గడి విలువనూ గడి ఘనపరిమాణంతో గుణించి అన్నిటినీ కూడి చూడండి. హైడ్రోజన్‌కు 2, నీటికి 10 దరిదాపుల్లో రావాలి. రాకపోతే గళ్ళ పెట్టె అణువు అంచుల్ని కోసేసి ఉండాలి, లేదా ఆక్సిజన్ కేంద్రకం చుట్టూ నిటారుగా పెరిగే సాంద్రతను పట్టుకోలేనంత ముతకగా గళ్ళు ఉండాలి. పెట్టెను పెంచి, గళ్ళను సన్నం చేసి మళ్ళీ కూడాలి.