కొండవీటి ఘాట్ రోడ్డును సైకిల్‌పై ఎక్కి దిగడం ఎలా?

గుంటూరు నుంచి కొండవీడు కోట ఘాట్ రోడ్డుకు సైకిల్‌పై వెళ్లదలచినవారు, ముఖ్యంగా వేసవిలో, ఎండ ముదరకముందే కొండ దిగివచ్చేలా వేకువనే బయలుదేరాలి. రెండు సీసాల నీళ్లతోపాటు ఉప్పు కలిపిన మజ్జిగ కూడా ఉంచుకోవడం మేలు.

ఎత్తు మొదలవకముందే, పెడళ్లపై భారం పడని దశలోనే, గొలుసును ముందు చిన్న పళ్లచక్రానికి, వెనుక పెద్ద పళ్లచక్రానికి మార్చుకోవాలి. బలంగా తొక్కుతూ గేరు మారిస్తే గొలుసు జారవచ్చు. పక్కవారితో మాట్లాడగలిగినంత ఊపిరి మిగిలే వేగమే సరైన వేగం.

నా దృష్టిలో ఎక్కడం కన్నా దిగడానికే ఎక్కువ నేర్పు కావాలి. బ్రేకులను అదేపనిగా పట్టి ఉంచితే, రిమ్ బ్రేకులున్న (చక్రపు అంచు లోహపు చట్రాన్ని, అంటే రిమ్మును, పట్టి ఆపే బ్రేకులున్న) సైకిళ్లలో రిమ్ములు వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది కనుక, మలుపుకు ముందే రెండు బ్రేకులనూ కలిపి నొక్కి వేగం తగ్గించి, మలుపు లోపలివైపు పెడల్‌ను పైకి ఉంచి, చూపును మలుపు చివరన నిలపాలి. ఎదురుగా వచ్చే కార్లు మలుపుల్లో హారన్ కొడతాయన్న నమ్మకం పెట్టుకోకండి! హెల్మెట్ తప్పనిసరి.

రాతిబాటలపై మోజున్నవారికి మౌంటెన్ బైక్ అవసరం. దాని వెడల్పాటి టైర్లలో గాలి 30 పీఎస్ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) దరిదాపుల్లో ఉంటే పట్టు బాగుంటుంది. విజయవాడ దగ్గరి కొండపల్లి కొండలు రిజర్వు అటవీ ప్రాంతం కాబట్టి, అక్కడి అడవిదారుల్లోకి వెళ్లేముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.