పాత బుల్లెట్‌కు బ్రేకు సామాను సమకూర్చుకునే పద్ధతి

ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో మద్రాసులో మొదలైన తరువాత దశాబ్దాల పాటు బుల్లెట్ 350 రూపం పెద్దగా మారలేదు కాబట్టి, ఏ ఏడాది బండి సామానైనా ఏ బండికైనా పడుతుందన్న మాట షెడ్లలో తరచు వినిపిస్తుంది. బ్రేకుల విషయంలో ఆ మాట నమ్మదగినది కాదు. పాత బండ్ల ముందు చక్రానికి ఆరు అంగుళాల డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే బ్రేకు గిన్నె), దాని లోపల ఒకే క్యామ్‌తో (షూలను బయటికి నెట్టే ముక్కతో) విచ్చుకునే షూల (డ్రమ్ముకు ఒరుసుకునే వంపు ముక్కల) జత ఉండగా, తరువాతి బండ్లకు ఏడు అంగుళాల డ్రమ్ము, లింకు రాడ్డుతో కలిపిన రెండు క్యామ్‌ల బ్రేకు వచ్చాయి. ఒకదాని షూలు మరొకదానిలో కూర్చోవు. చిన్నదాన్ని పెద్దదిగా మార్చుకోవాలంటే హబ్బుతో (చక్రం నడిమి భాగంతో) పాటు స్పోకులు కూడా మారుతాయి.

అందువల్ల బజారుకు వెళ్లే ముందే చక్రం విప్పి, డ్రమ్ము లోపలి వ్యాసాన్ని, షూ వెడల్పును వెర్నియర్ కొలబద్దతో కొలిచి రాసుకోవాలి. ఆరు అంగుళాలంటే సుమారు 152 మిల్లీమీటర్లు, ఏడంటే 178. చేతులు మారిన బండికి మధ్యలో ఎవరైనా వేరే చక్రం బిగించి ఉండవచ్చు గనుక, ఆర్సీ మీది సంవత్సరం కంటే ఈ కొలతే ప్రమాణం. విప్పినప్పుడు కనిపించే నల్లటి ధూళిని గాలి కొట్టి ఊదకూడదు. పాత లైనింగులలో (షూల మీది రాపిడి పొరలలో) ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది కాబట్టి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారవేయాలి.

కొనడం కన్నా ముందు, ఉన్నవాటిలో ఏది నిలుస్తుందో చూడడం మేలు. పాత షూ పగలకుండా, క్యామ్ తగిలే చోట మరీ అరగకుండా ఉంటే, దాన్ని పారవేసి కొత్తగా వచ్చే నకిలీ జతను కొనడం నా దృష్టిలో నష్టపు బేరమే. లారీల షూలకు లైనింగు వేసే దుకాణాలు విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఉంటాయి; చిన్న షూలకు కూడా వేస్తారేమో అక్కడ అడగవచ్చు. రివెట్లతో వేయిస్తే వాటి తలలు లైనింగు ఉపరితలం కన్నా లోపలికి దిగి ఉండాలి, లేకపోతే డ్రమ్ము గీతలు పడుతుంది. డ్రమ్ము గుండ్రదనం తప్పితే లేతు మీద పలుచగా చెక్కించవచ్చు గాని, చెక్కిన మేరకు లైనింగు మందం పెంచి, షూ వంపును కొత్త వ్యాసానికి సరిపడేలా తిప్పించాలి. కాబట్టి డ్రమ్మునూ షూలనూ ఒకే లేతు మనిషికి కలిపి ఇవ్వాలి.

వెనుక చక్రం సంగతి వేరు. అక్కడ చైను తిరిగే పళ్ల చక్రం, బ్రేకు డ్రమ్ము ఒకే పోతగా వస్తాయి. పళ్లు కొక్కెంలా వంగి అరిగిపోతే, లోపలి డ్రమ్ము ఎంత బాగున్నా మొత్తం మార్చక తప్పదు. దాన్ని కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టి, హబ్బులోని కుష్ రబ్బర్లను (కుదుపును తగ్గించే రబ్బరు ముక్కలను) కూడా అదే సారి తీసుకోవాలి.

సామాను కోసం సికింద్రాబాదు రాణీగంజ్, చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్ బాగ్ తిరగవచ్చు. ఎక్కడికి వెళ్లినా పాత భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్లడం, కౌంటరు మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం ఉత్తమం. పెట్టెలో ఏళ్ల తరబడి ఉన్న పాత కంపెనీ స్టాకుకు ఎక్కువ ధర చెబుతారు. ఇనుప భాగాలకైతే ఇవ్వవచ్చు గాని, బంకతో అతికించిన లైనింగు అంచుల దగ్గర లేస్తోందా, రబ్బరు గట్టిపడిందా అని చూడకుండా ఇవ్వకూడదు. కేబులు కొనేటప్పుడు పొడవుతో పాటు రెండు చివరల నిపిల్స్ (తీగ కొసలకు ఉండే లోహపు ముద్దల) ఆకారాన్ని కూడా సరిచూడాలి. ఎత్తైన హ్యాండిల్ వేసిన బండికి పాత పొడవు చాలదు.

బిగించేటప్పుడు యాక్సిల్ నట్టును కొంచెం వదులుగా ఉంచి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకుని, ఆ స్థితిలోనే నట్టు బిగిస్తే షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి. రెండు క్యామ్‌ల బ్రేకులో లింకు రాడ్డును రెండు షూలూ ఒకేసారి తాకేలా సరిచేయాలి, లేకపోతే ఒక షూయే పనిచేస్తుంది. కొత్త లైనింగు డ్రమ్ముకు పూర్తిగా ఒదిగేదాకా ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంతో, విడతలుగా నొక్కుతూ నడపాలి.