ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆఫీసులో ఆదివాసీ సహోద్యోగులకు అండగా ఉండటం ఎలా?

కాన్‌బెర్రాలోనో మెల్‌బోర్న్‌లోనో ప్రభుత్వ శాఖలో మీరు టీమ్ లీడర్ అనుకోండి. టీమ్‌లో ఒక ఆదివాసీ, అంటే అబోరిజినల్ లేదా టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ ఉద్యోగి ఉంటే, రికన్సిలియేషన్ (ఆదివాసీలకూ మిగతా ఆస్ట్రేలియన్లకూ మధ్య సయోధ్య) పేరుతో వచ్చే ప్రతి పనీ ఆ ఒక్కరి నెత్తిన పడుతుంది. దీన్నే అక్కడ కల్చరల్ లోడ్ అంటారు. ఆ బరువు దించడమే మీరు చేయాల్సిన అసలు పని.

1. ముందు పేర్లు నేర్చుకోండి. ఆఫీసు ఎవరి నేల మీద ఉందో స్థానిక ఆదివాసీ సంఘాన్ని అడిగి ఖాయం చేసుకోండి. మ్యాపుల్లో హద్దులు ఉజ్జాయింపుగానే ఉంటాయి. కాన్‌బెర్రాలో వినిపించే ఙున్నవల్ అనే ఆదివాసీ సముదాయం పేరును చాలామంది ‘నున్నవల్’ అనేస్తారు. బడిలో వల్లెవేసి వదిలేసిన మన ‘ఙ’ ఇక్కడ అక్కరకొస్తుంది: ‘అంగడి’ అన్నప్పుడు సున్నా దగ్గర నాలుక ఎక్కడ ఆనుతుందో అక్కడి నుంచే మొదలుపెట్టండి. అడిలైడ్ ప్రాంతపు వారి పేరు ఇంగ్లిష్‌లో ‘కౌర్న’ అన్నట్టు కనిపిస్తుంది, కానీ పలికేది ‘గార్న’.

2. వెల్‌కమ్, అక్నాలెడ్జ్‌మెంట్ రెండూ ఒకటి కావు. సభ మొదట్లో తమ నేల మీదికి స్వాగతం పలకడమే వెల్‌కమ్ టు కంట్రీ; అది చెప్పే హక్కు ఆ నేల వారసులకే ఉంటుంది. క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన సహోద్యోగిని కాన్‌బెర్రాలో వెల్‌కమ్ చెప్పమంటే ఆయన్ను ఇరకాటంలో పెట్టినట్టే. అక్నాలెడ్జ్‌మెంట్, అంటే ఈ నేల వారిదని గుర్తించి గౌరవం తెలిపే మాట మాత్రం ఎవరైనా చెప్పొచ్చు, వలస వచ్చిన మనమూ చెప్పాలి. మీటింగ్ నడిపేవాళ్లే చెప్పండి, కాగితం చూసి గబగబా చదివేయకండి.

3. తేదీలు ముందే క్యాలెండర్‌లో వేయండి. మే 26 సారీ డే, కుటుంబాల నుంచి లాక్కెళ్లిన ఆదివాసీ పిల్లలను తలచుకునే రోజు. మే 27 నుంచి జూన్ 3 వరకు రికన్సిలియేషన్ వారం: మొదటి తేదీ ఆదివాసీలను జనాభా లెక్కల్లో చేర్చేలా రాజ్యాంగాన్ని మార్చిన 1967 రిఫరెండానిది, చివరిది ఆదివాసీల భూమి హక్కును గుర్తించిన 1992 మాబో కోర్టు తీర్పుది. జులైలో ఆదివాసీ సంస్కృతిని వేడుకగా జరుపుకునే నైడాక్ వారం. ఈ వారాల్లో ఆదివాసీ పెద్దలకు ఊపిరి సలపదు, అందుకే మీ సభకు రమ్మని రెండు మూడు నెలల ముందే అడగండి. వాళ్ల ఫీజును బడ్జెట్‌లో పెట్టండి, ‘టీ, బిస్కెట్లు ఇస్తాంగా’ అనడం అవమానం. ఫలహారాలకు సప్లై నేషన్ అనే సంస్థ జాబితాలోని ఆదివాసీ వ్యాపారాలను చూడండి.

4. గంటలు లెక్కకట్టండి. చాలాచోట్ల బెడిసికొట్టేది ఇక్కడే. ఆ ఉద్యోగి కమిటీకీ, ఇంటర్వ్యూ ప్యానెల్‌కీ, ‘ఈ డ్రాఫ్ట్ ఒకసారి చూస్తారా’ అనే ఈమెయిళ్లకీ వారానికి నాలుగు గంటలు ఇస్తుంటే, రోజువారీ పనిలో నాలుగు గంటలు తీసేయండి. పనితీరు ఒప్పందంలో దాన్ని రాతపూర్వకంగా పెట్టండి. లేకపోతే ఏడాది చివర ‘ఫైళ్లు వెనకబడ్డాయి’ అన్న మాటే మిగులుతుంది. ఇలాంటి పనికి ‘వద్దు’ అంటే తప్పు పట్టకండి. తాను ఆదివాసీనని హెచ్‌ఆర్‌కు చెప్పినంత మాత్రాన టీమ్ అందరికీ చెప్పినట్టు కాదు. ‘మీలో ఆదివాసీ రక్తం ఎంత శాతం?’ అని ఎప్పుడూ అడగొద్దు.

5. చావు కబురు వచ్చినప్పుడు. సారీ బిజినెస్ అంటే అంత్యక్రియలు, వాటి చుట్టూ ఉండే సంతాప బాధ్యతలు. ఫారంలో ‘దగ్గరి బంధువా?’ అన్న గడి దగ్గర ఆగిపోకండి. పెద్దమ్మ కూడా అమ్మే అని పెరిగిన మనకు ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఏజెన్సీల ఉద్యోగ ఒప్పందాల్లో సంప్రదాయ బంధుత్వాన్నీ కుటుంబంగానే లెక్కిస్తారు. సంప్రదాయ విధుల కోసం రెండేళ్లలో ఆరు రోజుల వరకు జీతంతో సెలవు కూడా ఉంటుంది. మీ ఏజెన్సీ ఒప్పందంలోని ఆ పేజీ ముందే తీసిపెట్టుకోండి. చాలా సముదాయాల్లో పోయినవారి పేరు పలకరు, ఫొటో చూపరు. కుటుంబాన్ని అడిగాకే సంతాప సందేశం పంపండి.

6. జనవరి 26. మనకు గణతంత్ర దినోత్సవం, అక్కడ ‘ఆస్ట్రేలియా డే’ అనే జాతీయ సెలవు. ఆదివాసీల్లో చాలామందికి 1788లో వచ్చిపడిన బ్రిటిష్ ఓడలు గుర్తొచ్చే రోజు, 1938లోనే సిడ్నీలో సంతాప దినంగా పాటించారు. చాలా ఏజెన్సీల్లో ఆ రోజు పనిచేసి, బదులుగా మరో రోజు సెలవు తీసుకోవచ్చు. ఎవరైనా అలా అడిగితే కారణం అడక్కుండా సంతకం పెట్టండి.