పష్మీనా శాలువా కొనే ముందు ఇవి చూస్కోండి

కార్తీకం దాటాక మన అమలాపురం, భీమవరం వీధుల్లోకి మూటలేసుకుని శాలువాల వాళ్ళొస్తారు కదా, వాళ్ళు పష్మీనా అన్నవన్నీ పష్మీనా కాదండి, డబ్బులు తీసే ముందు కాస్త ఆగండి.

ఉంగరంలోంచి దూరిందని నమ్మెయ్యొద్దు, పల్చటి సిల్కూ, విస్కోస్ అనే కృత్రిమ పట్టూ కూడా దూరతాయి. అంచున ఒక్క పోగు లాగి కాల్చమనండి, ఉన్నయితే జుట్టు కాలిన వాసనొచ్చి బూడిద వేళ్ళ మధ్య పొడైపోద్ది, గట్టిగా ఉండ కట్టిందంటే యాక్రిలిక్కో పాలిస్టరో అన్నమాట. కాకపోతే మామూలు గొర్రె ఉన్నీ ఇలాగే కాలుద్ది, అందుకని ఇదొక్కటే చాలదు. అసలుది లద్దాఖ్ చాంగ్‌థాంగీ మేకల మెత్తటి లోపలి బొచ్చు, పోగు మందం 16 మైక్రాన్ల లోపే (మిల్లీమీటర్లో వెయ్యో వంతు ఒక మైక్రాన్), వేలకు వేలు పెడుతున్నప్పుడు కశ్మీర్ పష్మీనా జీఐ (భౌగోళిక గుర్తింపు) లేబుల్ ఉందా అని అడగాల్సిందే.

షాతూష్ శాలువా అంటే మాత్రం ముట్టుకోవద్దు, దాని ఉన్ని చిరు అనే టిబెట్ జింకల్ని చంపి తీస్తారు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

కొన్నాక దాచడం ఇంకా ముఖ్యం. మా అమ్మ శాలువా ముసురు రోజుల్లో బీరువాలో అలాగే ఉండిపోయి, పురుగు కొట్టి పెసరగింజంత బొక్కలు పడ్డాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంది. వాడింది ఉతికి, నీడలో పూర్తిగా ఆరాకే పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవర్ వద్దు, హ్యాంగరూ వద్దు.