ఈశాన్య వానలు దిగేలోపు పాత డీజిల్ జీపుకి చేయించాల్సిన పనులు

నెల్లూరు వైపు అసలు వానాకాలం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలు, వాటితో వచ్చే వాయుగుండాలే ఇక్కడ ఎక్కువ నీళ్లు తెస్తాయి. ఒంగోలు కోస్తాకీ తుపాన్ల బెడద ఆ నెలల్లోనే. కాబట్టి ఎంఎం540, మేజర్, కమాండర్ లాంటి పాత మహీంద్రా బండి ఉన్నవాళ్లు ఇంజన్ పనులన్నీ సెప్టెంబరులోనే ముగించుకోవాలి. మొదటి ముసురు పట్టాక ఆటోనగర్‌లో మంచి మేస్త్రీ దొరకడం కష్టం. దొరికినా పని హడావుడిగా అయిపోతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. వానల ముందు ఇంజన్ పవర్ పెంచే పని పెట్టుకోవద్దు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది) ఎక్కించడం, వేరే బండి ఇంజన్ దించడం, డీజిల్ పంపు పెంచడం లాంటివన్నీ సంక్రాంతి దాటాక చూసుకోండి. కొత్తగా మార్చిన ఇంజన్‌లో ఎక్కడ ఆయిల్ కారుతుందో, ఎక్కడ బోల్టు వదులవుతుందో తెలియడానికి కొన్ని వారాల తిరుగుడు కావాలి. ఆ పరీక్ష వాగు మధ్యలో జరగకూడదు. ఇప్పుడు చేయాల్సింది ఉన్న ఇంజన్ ఆరోగ్యం ఎలా ఉందో తేల్చుకోవడమే.

పొగ చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. నల్లపొగ వస్తుంటే డీజిల్ ఎక్కువై గాలి తక్కువైందని అర్థం. ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత నాజిల్స్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి), ఆ తర్వాతే పంపు చూడాలి. చాలామంది ఈ వరుసను తిరగేసి ముందే పంపు విప్పించి డబ్బు పోగొట్టుకుంటారు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ పొద్దున కాసేపు వచ్చి ఆగిపోతే స్టార్టింగ్‌కి ముందు ఇంజన్ లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గుల మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతుంటే ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో చూడాలి. డిప్ స్టిక్‌కి ఆయిల్ మజ్జిగలా తెల్లగా అంటుకుంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు, బండి కదిలించకుండా హెడ్ దించండి.

పొద్దున స్టార్టింగ్ ఇబ్బందికి ఏ ఇంజన్ అన్నది ముఖ్యం. ఈ బండ్లలో కొన్నింటికి ఉండే 2498 సీసీ ప్యూజో ఇంజన్‌లో డీజిల్ ముందు చిన్న గదిలో మండుతుంది కాబట్టి చలికి హీటర్ ప్లగ్గులు పనిచేయాల్సిందే. నాలుగింటిలో ఒక్కటి పోయినా మొదటి నిమిషం ఇంజన్ కుంటుతుంది. వైర్లు విప్పి మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ చూస్తే పది నిమిషాల పని. డీజిల్ నేరుగా సిలిండర్‌లోనే పడే డీఐ ఇంజన్ హీటర్ మీద అంతగా ఆధారపడదు. అది పొద్దున మొరాయిస్తే కంప్రెషన్, నాజిల్స్, సెల్ఫ్ తిరిగే వేగం చూసుకోవాలి. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే వెంటనే బ్యాటరీ మార్చేయకండి. బ్యాటరీ నుంచి ఛాసీకి, ఛాసీ నుంచి ఇంజన్‌కి వెళ్లే ఎర్త్ వైర్ల చివర్లు గీకి శుభ్రం చేయించి మళ్లీ బిగించండి. ఉప్పుగాలి తగిలే కొత్తపట్నం, మైపాడు వైపు బండ్లలో సగం స్టార్టింగ్ ట్రబుల్ అక్కడే ఉంటుంది.

బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని గ్యాస్ పిస్టన్ పక్కనుంచి కిందికి కారడం, దాని సంగతి మాత్రం తప్పకుండా చూడాలి. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో పెట్టి, ఆయిల్ పోసే మూత తీసి అదే చోట వదులుగా పెట్టండి. కాస్త అదిరితే పాత ఇంజన్‌కి మామూలే. ఎగిరి పడుతూ, కింద నుంచి పొగ గట్టిగా తంతుంటే రింగులో బోరో అరిగాయి. అప్పుడు నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ గేజ్ పెట్టించాలి. అన్నీ ఒకేలా కాస్త తక్కువగా ఉంటే ఈ సీజన్‌కి లాగించవచ్చు. ఒక్కటి మాత్రం మిగతావాటి కంటే బాగా పడిపోయి ఉంటే లాగించకూడదు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. బ్యాక్ కంప్రెషన్ ఎక్కువైతే ఇంజన్ లోపలి గ్యాస్ బయటికి పోయే గొట్టం, అంటే బ్రీదర్ నుంచి ఆయిల్ గాలి పైపులోకి చేరుతుంది. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా కాల్చుకుని, స్టాప్ కేబుల్ లాగినా ఆగకుండా రేసు పెంచేస్తుంది. అలాంటప్పుడు టాప్ గేరు వేసి, బ్రేకు తొక్కిపట్టి, క్లచ్ వదిలి ఇంజన్‌ని ఆపేయాలి. గాలి పైపుకి చెయ్యి మాత్రం అడ్డం పెట్టవద్దు. స్టాప్ కేబుల్ తుప్పు పట్టకుండా సాఫీగా లాగుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

డీజిల్‌లో నీళ్లు ఈ కాలంలో పెద్ద తలనొప్పి. రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్ కోసం తెచ్చిన డ్రమ్ములోంచి రెండు క్యాన్లు జీపులో పోసుకోవడం చాలామందికి అలవాటు. వానలో మూత తీసిన డ్రమ్ము అడుగున నీళ్లు లేకుండా ఉండవు. ఆ నీళ్లు పంపులోకి, నాజిల్స్‌లోకి వెళ్తే రిపేరు ఖర్చు డీజిల్ మీద మిగిలిన డబ్బు కంటే ఎన్నో రెట్లు. ట్యాంకు అడుగు డ్రెయిన్ బోల్టు విప్పి మట్టి, తుప్పు దింపేయండి. నీళ్లు వేరుచేసే గాజు గిన్నె ఉన్న ఫిల్టర్ లేకపోతే ఒకటి పెట్టించండి. వానలకు ముందు ఖర్చుపెట్టదగ్గ అప్‌గ్రేడ్ ఏదంటే ఇదే అంటాను. ఫిల్టర్ మార్చాక హ్యాండ్ పంపు కొట్టి, బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయించాలి. స్పేర్ ఫిల్టర్, దానికి సరిపోయే స్పానర్ బండిలో ఉండాలి.

వానాకాలంలో ఇంజన్ వేడెక్కదని అనుకోవద్దు. నల్లరేగడిలో ఫోర్ వీల్ వేసి, లో గేరులో, గాలి ఆడకుండా గంటసేపు తొక్కితే ఎండాకాలం కంటే ఎక్కువ కాగుతుంది. పైగా మెట్ట ప్రాంతాల బోరు నీళ్లు రేడియేటర్‌లో పోస్తే లోపల సున్నం పేరుకుని గొట్టాలు మూసుకుపోతాయి. రేడియేటర్ విప్పించి రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయించండి. థర్మోస్టాట్ పీకేస్తే వేడెక్కదని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. ఇంజన్ సరైన వేడికి రాకపోతే రింగులు త్వరగా అరుగుతాయి. హోస్ పైపులు నొక్కి చూసి, ఉబ్బినా పగిలినా మార్చేయడమే.

ఇక నీళ్లలో దిగడం. పాత డీజిల్‌లో కంప్యూటర్ లేదు కాబట్టి నీళ్లలో కూడా నడుస్తుందనే ధీమా చాలామందికి. నిజమే, మెకానికల్ పంపు ఉన్న ఇంజన్ ఒకసారి అందుకున్నాక కరెంటు లేకపోయినా తిరుగుతుంది. కానీ గాలి పైపు ద్వారా సిలిండర్‌లోకి నీళ్లు పోతే ఏ ఇంజన్ అయినా ఒకటే. నీళ్లు కుదించుకోవు. పిస్టన్ పైకి వచ్చి వాటిని గుద్దితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గాలి పైపుని పైకప్పు ఎత్తుకి లేపే స్నార్కెల్ పెట్టించుకున్నవాళ్లు ఇంజన్ ఐడిల్‌లో ఉండగా దాని పై మూతికి చదునైన రబ్బరు షీటు ఒక్క క్షణం అడ్డం పెట్టి చూడండి. ఇంజన్ ఆగిపోబోతే అతుకులు బాగున్నాయి. అలాగే తిరుగుతుంటే ఎక్కడో గాలి లాగుతోంది, అదే దారిలో నీళ్లూ వస్తాయి. గాలిని ఆయిల్ మీదుగా వడకట్టే పాత ఆయిల్ బాత్ ఫిల్టర్ గిన్నె దగ్గరే ఎక్కువ లీకులు కనబడతాయి.

లోతు నీళ్లలోకి వెళ్లేముందు ఫ్యాన్ బెల్టు తీసేయమనేది పాత సలహా. బెల్టు తీస్తే వాటర్ పంపు, డైనమో రెండూ ఆగుతాయి. డైనమో వెనకే వ్యాక్యూమ్ పంపు ఉన్న బండ్లలో బ్రేకుకి బలమిచ్చే బూస్టర్ కూడా పోతుంది. ఆ సంగతి తెలియకుండా ఒడ్డెక్కి వాలులో బ్రేకు తొక్కితే గుండె జారిపోతుంది. అసలు బెల్టు తీయాల్సినంత లోతులోకి వెళ్లకపోవడమే మంచిది. బొగ్గేరు, మన్నేరు లాంటి వాగుల మీద లోలెవల్ చప్టా పైనుంచి నీళ్లు పరుగెడుతుంటే లోతు ఎంతైనా దిగకండి. చప్టా కింద కోసుకుపోయిందో లేదో పైకి తెలియదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగిపోయింది. జీపు దాన్ని గెలిచేదేమీ కాదు.

అప్‌గ్రేడ్ గురించి మేస్త్రీలు ఊరిస్తూనే ఉంటారు: "అన్నా, పంపు రవ్వంత పెంచుదాం, బండి ఎగిరిపోద్ది!" గాలి పెరగకుండా డీజిల్ మాత్రమే పెంచితే వచ్చేది నల్లపొగ, పిస్టన్ మీద వేడి. టర్బో కావాలంటే ముందు కంప్రెషన్ బాగుండాలి, తర్వాత రేడియేటర్ పెద్దదవ్వాలి, ఆ తర్వాతే టర్బో. ఇంజన్ మొత్తం మార్చేటట్టయితే ఆర్‌సీలో ఇంజన్ నంబరు మారాలి. రవాణా శాఖ అనుమతి లేకుండా వేరే రకం ఇంజన్ దించితే ఫిట్‌నెస్ దగ్గర, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర దెబ్బ తింటారు. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఎలాగూ ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, దానికి ముందే ఈ కాగితాలు చూసుకోండి.

బండి నీళ్లలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి, తోసి స్టార్ట్ చేయకండి. బయటికి లాగించి, బ్యాటరీ వైరు విప్పి, హీటర్ ప్లగ్గులు గానీ నాజిల్స్ గానీ తీసి, ఇంజన్‌ని చేత్తో తిప్పి నీళ్లు కక్కించాలి. ఆయిల్, ఫిల్టర్ మార్చాకే సెల్ఫ్. పల్లంలో నిలిపిన బండి ఇంటి ముందే మునిగినా ఇదే పద్ధతి. మునగకుండా చక్రాల మధ్య భాగం, అంటే హబ్‌ల దాకా నీళ్లలో వెళ్లొచ్చినా డిఫరెన్షియల్, గేర్‌బాక్స్ ఆయిల్ చూడాలి. వేడిగా ఉన్న యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే బ్రీదర్ లోంచి, సీల్స్ లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. బ్రీదర్‌కి రబ్బరు గొట్టం తొడిగి బానెట్ ఎత్తుకి కట్టించుకుంటే చాలావరకు తప్పుతుంది. ఆయిల్ తెల్లబడి కనబడితే ఆ వారంలోనే మార్చేయండి. నీళ్లు ఏ సీల్ నుంచి వచ్చాయో తర్వాత వెతుక్కోవచ్చు.