ఇంట్లో మెటల్ రికార్డింగ్, 4వ పాఠం: ఒకే రిఫ్‌ను రెండుసార్లు వాయించడం

పోయిన పాఠంలో గెయిన్, అంటే గిటార్ శబ్దం ఎంత చీలాలో చెప్పే మోతాదు, తగ్గించమన్నాను. మీరు పంపిన ఫైళ్ళు వింటే, తగ్గించినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాటిలో రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస) ఎక్కడుందో తెలీదు, కందిరీగల తుట్టె కదిపినట్టు ఒకటే రొద. తప్పు కొంత నాదే, ఎంత తగ్గించాలో చెప్పలేదు. ఆరో స్ట్రింగ్ మీద పామ్ మ్యూట్‌తో (అరచేతి అంచు తీగల మీద ఆనించి) గబగబా ఎనిమిది దెబ్బలు కొట్టండి, ఎనిమిదీ విడివిడిగా వినపడేదాకా గెయిన్ దించుతూ పోండి. అప్పుడు గిటార్ పల్చగా, పేలవంగా ఉంటుంది. ఉండనివ్వండి, దాని పక్కకి ఇంకోటి వస్తోంది.

ఆ రెండోదాన్ని కూడా మీరే, అదే రిఫ్‌ను, మొదటి నుంచి మళ్ళీ వాయించాలి. ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి పూర్తిగా కుడికి. ట్రాక్ తెరవడం, పాన్ తిప్పడం (శబ్దాన్ని ఎడమకో కుడికో జరపడం) మీకు తెలిసినవే.

కాపీ పేస్ట్ మాత్రం చెయ్యకండి. మొదటి టేక్‌నే (మొదటిసారి వాయించి రికార్డ్ చేసినదాన్నే) కాపీ కొట్టి కుడివైపు పెడితే రెండు గిటార్లు అవ్వవు. రెండు చెవుల్లోనూ అచ్చం ఒకే శబ్దం పడితే అది సరిగ్గా మధ్యలో ఒకటే గిటార్‌లా వినపడుతుంది, కాస్త గట్టిగా, అంతే. "కాపీని 15 మిల్లీసెకన్లు జరిపాను సార్" అంటారు. జరిపితే ముందు వినపడిన వైపుకి గిటార్ ఒరిగిపోతుంది, పైగా ఒకటే స్పీకర్ ఉన్న ఫోన్‌లో పెడితే రెండూ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలు ఎగిరిపోయి గొట్టంలోంచి వాయించినట్టుంటుంది. కాపీకి వేరే ఆంప్ (గిటార్ యాంప్లిఫయర్) పెట్టినా టోన్ మారుతుంది గానీ మీ చెయ్యి తడబడ్డ చోటల్లా రెండు వైపులా ఒకేసారి తడబడుతుంది. వెడల్పు వచ్చేది మనిషి రెండుసార్లు వాయించినప్పుడు పడే ఆ పిసరంత తేడా వల్లే, దాన్ని ప్లగిన్‌తో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే పనిముట్టుతో) కొనలేం.

మెటాలికా బ్యాండ్ తన "మాస్టర్ ఆఫ్ పపెట్స్" ఆల్బమ్‌ని 1985 చివరి నెలల్లో కోపెన్‌హాగెన్‌లోని స్వీట్ సైలెన్స్ స్టూడియోలో, ప్రొడ్యూసర్ ఫ్లెమింగ్ రాస్ముసెన్‌తో కలిసి టేప్ మీద రికార్డ్ చేసింది. గిటార్ టేక్‌ను మౌస్‌తో పట్టుకుని పక్కకి లాగే వీలు అప్పుడు లేదు. టైటిల్ పాటలో నిమిషానికి 200 దాటిన బీట్ మీద గిటారిస్ట్, గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ప్రధాన రిఫ్‌ను డౌన్‌స్ట్రోక్‌లతోనే (ప్రతి దెబ్బా పైనుంచి కిందికే) లాగించి, ట్రాక్ మీద ట్రాక్ వాయించాడు. హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి ఎడమవైపే, ఇంకోసారి కుడివైపే వినండి. 1986లో వచ్చిన ఆ ఆల్బమ్ రేడియో అండ పెద్దగా లేకుండానే జనంలోకి వెళ్ళింది.

"బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ 1969లో ఒక్క రోజులో అయిపోయిందిగా, మనకెందుకిన్ని పాఠాలు?" అని ఒకరు. ఆ పాటల్లో చాలావాటిని వాళ్ళు అప్పటికే స్టేజీల మీద వాయించీ వాయించీ అరగదీశారు, స్టూడియోలోనూ అందరూ కలిసి వాయించేశారు. మీరూ అంతలా అరగదీసి రండి, నేనూ ఒక్క రోజులో వదిలేస్తా.

నా అలవాట్లు రెండు. ట్యూనర్ పెట్టి మెల్లగా మీటను, పాటలో ఎంత గట్టిగా కొడతానో అంతే గట్టిగా కొట్టి ట్యూన్ చేస్తాను, ఎందుకంటే గట్టిగా కొడితే స్వరం మొదట కాస్త పైకి లేస్తుంది. ప్రతి టేక్‌కీ ముందు మళ్ళీ ట్యూన్ చేస్తాను. నాలుగు గిటార్లు పేర్చడం నాకు నచ్చదు, రెండు సరిగ్గా కూర్చోనప్పుడు నాలుగు అంతకన్నా బురద.

అభ్యాసం: ఎనిమిది బార్ల రిఫ్, క్లిక్ (మెట్రోనోమ్) నిమిషానికి 160 మీద, అన్నీ డౌన్‌స్ట్రోక్‌లే. ఎడమకి పది టేకులు, కుడికి పది, మధ్యలో ఎక్కడా ఆపి అతికించకూడదు. వాటిలో బాగా కలిసే జంట ఒక్కటే పంపండి. మధ్యలో స్ట్రింగ్ తెగితే ఎడమవైపు కూడా మళ్ళీ మొదలుపెట్టాలి, కొత్త స్ట్రింగ్ టోన్ పాతదానితో కలవదు.