కవిత్వం చదవడం నేర్చుకుందాం – 4: పైకి అనని మాటను పట్టుకోవడం

పద్యంలో 'నేను' అని ఉన్నంత మాత్రాన ఆ మాట్లాడేది కవే కానక్కర్లేదని గత పాఠంలో చూశాం. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారో ముందు తేల్చుకోవాలని చెప్పుకున్నాం. సరే, తేల్చుకున్నాం. ఆ మనిషి అసలు సంగతి నోరు విప్పి చెప్పకపోతే ఏం చేయాలి? ఈ పాఠం దాని గురించే.

బడిలో మనకు ప్రతిపదార్థం, తాత్పర్యం రాయడం నేర్పారు. ఆ పని వదిలేయమని అనను. కానీ కొన్ని పద్యాలకు తాత్పర్యం పొల్లు పోకుండా రాసినా పద్యం మాత్రం చేతికి చిక్కదు. ఈ ప్రాకృత గాథ చూడండి. శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే గాథాసప్తశతిలోది.

భమ ధమ్మిఅ వీసత్థో సో సుణఓ అజ్జ మారిఓ తేణ
గోలాణఇకచ్ఛకుడంగవాసిణా దరిఅసీహేణ

ఇందులోని గోలానది మన గోదావరే. తాత్పర్యం ఇది: "ఓ ధార్మికుడా, ఇక నిశ్చింతగా తిరుగు. ఆ కుక్కను ఇవాళ గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే పొగరుబోతు సింహం చంపేసింది."

పరీక్షలో దీనికి ఫుల్ మార్కులు పడతాయి. ఇప్పుడు ఇంకోసారి, నెమ్మదిగా చదవండి. కుక్క పీడ విరగడైందని చెప్పడానికి "కుక్క చచ్చింది" అంటే చాలు కదా! చంపిందెవరో, ఆ చంపినది ఎక్కడ కాపురముంటుందో అడ్రసుతో సహా చెప్పడం దేనికి? పైగా కుక్కకే జడిసే మనిషికి సింహం కబురును శుభవార్తలా చెప్పడమేమిటి?

పద్యం చేతికి రాగానే నేను వెతికేవి ఈ రెండే. ఒకటి, అవసరం లేకపోయినా చెప్పిన వివరం. రెండు, చెప్పే తీరుకూ చెబుతున్న సంగతికీ పొంతన కుదరని చోటు. ఈ గాథలో రెండూ సింహం దగ్గరే ఉన్నాయి. అక్కడ పట్టుకుంటే 'తిరుగు' అన్న మాట 'అటు రాకు' అని వినిపిస్తుంది.

9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఉన్న ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం అనే కావ్యశాస్త్ర గ్రంథంలో ధ్వనికి, అంటే పైకి అనకుండానే స్ఫురించే అర్థానికి, ఉదాహరణగా ఈ గాథనే ఎత్తుకున్నాడు. పైకి విధి (చేయమనడం), లోపల నిషేధం (వద్దనడం). వ్యాఖ్యాతలు దీని వెనక కథ కూడా చెప్పారు. ఈ మాట అంటున్నది ఒక స్త్రీ, ఆ పొదల్లో ఆమె ప్రియుణ్ణి కలుసుకుంటుంది. ఈయనగారు పూల కోసమని అటే వచ్చి వాళ్ల ఏకాంతం చెడగొడుతున్నాడు. ఆ తర్వాత మహిమభట్టు అనే మరో కావ్యశాస్త్రజ్ఞుడు వచ్చి, ధ్వని గిని ఏమీ లేదు, పొగను చూసి నిప్పుందని తేల్చినట్టు ఇదీ తర్కంలోని అనుమాన ప్రమాణమేనని వాదించాడు. ఈ తగువులో మీరు ఎవరి పక్షం వహించినా ఒక పూచీ మాత్రం తప్పదు. ఊహకు పద్యంలోనే ఆధారం చూపాలి.

అందుకే నోట్స్ రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కనా 'ఉంది', 'కావచ్చు', 'నాది' అనే మూడింటిలో ఒక గుర్తు పెట్టుకోండి. ఆ మనిషి అటు రాకూడదన్నదే చెప్పేవాళ్ల కోరిక అని రాస్తే, పక్కన 'ఉంది' అని పెట్టొచ్చు. చెప్పేది స్త్రీ అనీ, అక్కడ ప్రియుణ్ణి కలుస్తుందనీ రాస్తే 'కావచ్చు'. ఆ ముక్క గాథలో ఎక్కడా లేదు. తోటి గాథల ధోరణి, వ్యాఖ్యాతల మాట మనల్ని ఒప్పిస్తున్నాయి, అంతే. ఇక ఈ గాథ మతాచారాల మీద తిరుగుబాటు అంటారా? అది 'నాది'. ధార్మికుణ్ణి ఆటపట్టించడం కనిపిస్తోంది గానీ తిరుగుబాటు కనబడదు. రాసుకోండి, అభ్యంతరం లేదు, గుర్తు మాత్రం మార్చకండి.

ఇదే పద్ధతితో చైనాకు వెళ్దాం. టాంగ్ వంశ కాలపు కవి లీ బాయ్ (701–762) రాసిన నాలుగు పాదాల కవిత ఉంది. మొత్తం ఇరవై అక్షరాలు. శీర్షికకు అర్థం 'పచ్చరాతి మెట్ల మీద నిష్ఠూరం' అని చెప్పుకోవచ్చు. విషయం ఇది: పచ్చరాతి (జేడ్ అనే విలువైన రాయి) మెట్ల మీద తెల్లటి మంచు పట్టింది. రాత్రి పొద్దుపోయింది, పట్టు మేజోళ్లు తడిశాయి. ఒకామె స్ఫటికాల తెర దించి, అందులోంచి శరత్కాలపు చంద్రుణ్ణి చూస్తోంది.

నిష్ఠూరం శీర్షికలో ఉంది, కవితలో ఒక్క ముక్క లేదు. ఆధారాలు ఏరుదాం. పచ్చరాతి మెట్లు, కాబట్టి రాజభవనం. పట్టు మేజోళ్లు, కాబట్టి దాసి కాదు. మేజోళ్లు తడిసేదాకా ఉందంటే చాలాసేపు బయటే నిలబడింది. చంద్రుడు కనబడుతున్నాడు, అంటే వాన వచ్చిందన్న సాకు కూడా రావలసిన వాడికి లేదు. లోపలికి వచ్చి తెర దించింది గానీ పడుకోలేదు.

ఇక్కడ మనలాంటి వాళ్లకు చెయ్యి ఊరుకోదు. "ఓహో, విరహోత్కంఠిత!" (రాని ప్రియుడి కోసం తపించే నాయిక) అని, మన కావ్యశాస్త్రం చెప్పే అష్టవిధ నాయికల లిస్టులోంచి ఒక పేరు తగిలించేస్తాం. కొంతవరకు పనికొస్తుంది, ఎదురుచూపు ఎదురుచూపే కదా. కానీ మన నాయికకు కబురు పంపడానికి సఖి ఉంటుంది, మరీ తెగిస్తే అభిసారికగా తనే బయల్దేరుతుంది. ఈమెకు ఈ కవితలో ఎవరూ లేరు. అంతఃపుర స్త్రీల నిష్ఠూరం చైనా కవిత్వంలో ఒక పాత సంప్రదాయం. అక్కడ స్త్రీలు చాలామంది, చక్రవర్తి ఒక్కడు. అడిగే హక్కు లేని చోట అలక ఎలా ఉంటుందో ఈ కవితలో చూడాలి. మన పేరు తగిలించి ఊరుకుంటే ఆ సంగతే జారిపోతుంది.

ఒక హెచ్చరిక. ఈ విద్య అబ్బగానే ప్రతి పద్యంలోనూ గుప్తార్థాలు తవ్వాలనిపిస్తుంది. "అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను" అని వేమన మొదలుపెట్టాడంటే ఆయన చెప్పదలచింది బల్లగుద్ది చెబుతున్నాడు. అక్కడ కంచు, కనకం పోలిక ఎలా బిగిసిందో చూడండి, అంతకుమించి తవ్వకండి.

అభ్యాసం. జపాన్ కవి బషో హైకూ ఒకటి ఇస్తున్నాను, భావం ఇది: "వేసవి గడ్డి – వీరుల కలలకు మిగిలిన ఆనవాలు." ముందు ఏమీ వెతక్కుండా అయిదు వాక్యాలు రాసి గుర్తులు పెట్టండి. ఆ తర్వాతే ఈ కింది వివరం చదవండి.

బషో 1689లో కాలినడకన హిరాయిజూమి అనే చోటికి వెళ్లినప్పుడు రాసింది ఇది. అక్కడే 1189లో యోషిత్సునె అనే పేరుమోసిన వీరుడు చనిపోయాడు; ఆ ఏడాదే ఆ ప్రాంతాన్ని ఏలిన ఫుజివారా వంశం కూలిపోయింది. ఇది తెలిశాక మీ అయిదు వాక్యాల్లో ఏవి నిలిచాయి, దేని గుర్తు మారింది? 'అంతా అశాశ్వతం' అని ఒక్క మాటలో తేల్చేసి ఉంటే, గడ్డికి 'వేసవి' అన్న విశేషణం ఎందుకో చెప్పి మళ్లీ రాయండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.